పట్టికలో లేని పేరు

బ్రాడీపేట నాలుగో లైన్లో
మేడ మీది ఒంటిగది.
పొడి ఎగిరిపోతుందని ఫ్యాను కట్టేశాం.
మే నెల. గుంటూరు.
ఇంక వేరే చెప్పాలా.

మెహజబీన్ లాలాపేట కొట్టు నుంచి
బంగారం తూచే బుల్లి త్రాసు పట్టుకొచ్చింది.
"పొద్దున షట్టరు తీసేలోపు అక్కడుండాలే ఇది"
మూడుసార్లు చెప్పింది.

నేను గళ్ళ నోట్‌బుక్ తీశాను.
అడ్డంగా పేర్లు, నిలువుగా అవే పేర్లు.
నియాసినమైడ్, శాలిసిలిక్ ఆమ్లం, జింకు,
గ్లిజరిన్, జిగురు పొడి.
ఎవరి పక్కన ఎవరు కూర్చుంటారు,
ఎవర్ని చూస్తే ఎవరు మొహం తిప్పుకుంటారు,
పెళ్ళి బంతిలో విస్తళ్ళు వేయించే మేనత్తలా
ఒక్కో గడీ ఆలోచించి నింపాను.

శాలిసిలిక్‌కి నీళ్ళంటే పడదు.
నేరుగా పోస్తే సూదులు సూదులుగా అడుక్కి దిగిపోతుంది.
ముందు గ్లైకాల్లో కరిగించి
తర్వాత చుక్క చుక్కగా నీళ్ళని పరిచయం చేయాలి.
దానికి పులుపు కావాలి.
ఆ పులుపులో నియాసినమైడ్ నిలవలేదు,
మెల్లగా విరిగి
మొహాన్ని కందగడ్డ చేసే ఇంకొకటైపోతుంది.
అందుకని రెండు సీసాలు.
పగటికొకటి, రాత్రికొకటి,
ఒకే గదిలో వేరే వేరే షిఫ్టుల వాళ్ళలాగ.
"మనమే కదే" అని మెహజబీన్ నవ్వింది.
ఆ గాలికి త్రాసు చెదిరింది.
మళ్ళీ సున్నా నుంచి.

కింద నుంచి కోటేశ్వరమ్మగారి కేక:
"శనగపిండీ పెరుగూ రాసుకోక ఏం వంటలే అవి!"
చూడబోతే ఆవిడన్నదీ నిజమే.
గిన్నెలో గిన్నె, వేణ్ణీళ్ళు, చెంచా,
ఉప్మా రవ్వ ఒక్కటే తక్కువ.

కాగితం ముక్క ముంచాం.
రంగు మారేదాకా ఇద్దరికీ ఊపిరి లేదు.
నాలుక్కి కొంచెం కింద. చాలు.
బల్బుకెత్తి చూస్తే
సూది లేదు, మబ్బు లేదు,
తెల్లారగట్ల కాలవ నీళ్ళంత తేట.
మొహం కంటే ముందు చెవి వెనక ఒక చుక్క రాసి చూడాలి.
అదీ నోట్‌బుక్‌లో ఉంది.
చిటికెనవేలితో రాశాను.

ఒక నిమిషం ఏమీ లేదు.
రెండో నిమిషం కొరివి.

గళ్ళన్నీ మళ్ళీ చదివాను.
గ్లైకాలా? తూకమా? పులుపు ఎక్కువైందా?
కళ్ళలో నీళ్ళతో అక్షరాలు అలుక్కుపోతున్నాయి.
మెహజబీన్ ఏమీ అనలేదు.
డ్రాపరుతో తన చెవి వెనక ఒక చుక్క వేసుకుని
గోడ గడియారం చూస్తూ కూచుంది.
పదిహేను నిమిషాలు.
తర్వాత నా చెయ్యి లాక్కుని
గోళ్ళు వాసన చూసి
తుమ్మింది.

పొద్దుట్నుంచీ కోల్డ్ స్టోరేజీ ల్యాబులో
తేజ రకం, నలభై మూడు శాంపిళ్ళు.
రంగెంత, ఘాటెంత, తేమెంత.
చేతొడుగులు అయిపోయి
ఆఖరి పదీ ఉత్త చేతుల్తో.
సబ్బుతో మూడుసార్లు కడిగానన్న ధైర్యం నాది.

కారం నీళ్ళలో కరగదు.
కొత్తగా చేరిన పిల్లలకి
వారానికోసారి నేనే చెప్పే మాట.
నూనె అయితేనే వదులుతుంది.
మొటిమల భయానికి
ఏడాదిగా నూనె సీసా మొహం చూడని దాన్ని,
చెవి వెనకంతా, మెడ మీదా, వేళ్ళ సందుల్లోనూ
నువ్వులనూనె పట్టించుకుని
చాప మీద ఓ పక్కకి ఒరిగాను.
కోటేశ్వరమ్మగారికి తెలిస్తే ఉగాది దాకా చెప్పుకుంటుంది.

మెహజబీన్ సీసాల మీద తేదీ రాసింది.
త్రాసు చేతిరుమాల్లో చుట్టింది.
నోట్‌బుక్ తీసి
అడ్డంగా ఒక గీత, నిలువుగా ఒక గీత పెంచి
రెండు చోట్లా నా పేరు రాసింది.
చివరి గడిలో నా పక్కన నేనే పడ్డాను.
అక్కడ ఏం రాయాలో
ఇద్దరికీ తోచలేదు.

"పొద్దున షట్టరు" అంటూ
అటు తిరిగి పడుకుంది.
ఫ్యాను వేశాను.